పిట్టగోడ ఎవరి కొరకు?

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



ధర్మశాస్త్రమును చదువునప్పుడు మనము గొప్ప ఆజ్ఞలయొద్ద ఆగుదుము గాని, ఈ చిన్న వచనమును దాటిపోవుదుము. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెననియు, పెట్టనందున ఎవడైన క్రిందపడి చచ్చినయెడల ఆ రక్తము ఆ యింటివారి మీదికి వచ్చుననియు దాని భావము. ఆ దేశమున జనులు మిద్దెల మీద పంట ఆరవేసికొనిరి, కూర్చుండిరి, ప్రార్థించిరి. మన పల్లెలలోను మిద్దె అట్టిదే గదా.

ఈ ఆజ్ఞలో మూడు సంగతులు గమనింపదగినవి. ఎవడును పడకముందే గోడ కట్టవలెను. దాని ఖర్చు కట్టించువానిది. పడినవాడు జాగ్రత్తపరుడా, అజాగ్రత్తగలవాడా, నిద్రమత్తులో నుండెనా అని అది అడుగనే అడుగదు. మనుష్యుడు తొట్రిల్లును. తొట్రిల్లినవాడు చావకుండ చూచుట మిద్దె గలవాని ధర్మము.

మన సంఘములలో అనేకుల బిడ్డలు నేడు పట్నములో కూలికి ఉన్నారు. హైదరాబాదులోని మూసాపేట, కూకట్‌పల్లి ప్రాంతములలో ఒక గది అద్దెకు తీసికొని నలుగురైదుగురు కలిసి యుందురు. ఉదయముననే లేబర్ అడ్డా మీద నిలుచుందురు. మేస్త్రీ పిలిచిన చోటికి, హైటెక్ సిటీ వైపున లేచుచున్న మేడల పనికి, పోవుదురు. అచ్చట పది అంతస్తుల యెత్తున కట్టిన కర్రల మీద నిలిచి పని చేయువానికి నడుమునకు బెల్టు లేదు, తలకు హెల్మెట్ లేదు అనుకొనుడి. వాడు పడినచో, వాడే ఒప్పుకొని యెక్కెను గదా, మాదేమి తప్పు అని కొందరు అందురు.

ఇది సరియైన మాటయా? ఎక్కను అనినయెడల ఆ దినపు కూలి పోవును. మరునాడు మేస్త్రీ వానిని పిలువడు. ఇంటియొద్ద పిల్లల ఫీజు, ముసలితల్లి మందులు కనిపెట్టుకొని యున్నవి. ఆకలిగొన్నవాని ఒప్పుదలను ఒప్పుదల యనరాదు. అందుచేతనే ధర్మశాస్త్రము భారమును ఎక్కువాని మీద గాక, కట్టించువాని మీద పెట్టినది. మన దేశపు చట్టమును అట్లే పలుకుచున్నది. 2020లో చేయబడి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా కోడ్, పనిస్థలమును అపాయము లేకుండ ఉంచుట యజమాని విధియని చెప్పుచున్నది. పనివాడును తన క్షేమమునకు, తన పనివలన ఇతరుల క్షేమమునకు జాగ్రత్తపడవలెనని చెప్పుచున్నది. కనుక ఇచ్చిన బెల్టు బరువని విప్పి ప్రక్కన పెట్టు యౌవనుడును నిర్దోషి కాడు. అతని బ్రదుకు అతని యొక్కనిది కాదు.

ఇక మనము సాధారణముగా పలుకు ఒక మాట గలదు. ఎవడైన అకస్మాత్తుగా చనిపోగా, వానికి భూమి మీద నూకలు చెల్లినవి అందుము. దుఃఖములో ఉన్నవారికి ఆ మాట ఓదార్పు కావచ్చును. అయితే అదే మాట పిట్టగోడ కట్టనివానికి మంచి చాటు అగును. మూసాపేట మెట్రో స్టేషనునుండి అయిదవ స్టేషను అమీర్‌పేట. 2019 సెప్టెంబరు 22న అచ్చట వాన పడుచుండగా, తడవకుండ స్టేషను క్రింద నిలిచిన ఒక యౌవనస్త్రీ మీద పైనుండి పెచ్చు ఊడిపడగా ఆమె మరణించెను. ఆమె చేసిన తప్పేమి? సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు ఇతరులకంటె పాపులని తలంచుకొనవద్దని ప్రభువు చెప్పెను (లూకా 13:4). చచ్చినవారి లెక్క చూచుటకు మనము పిలువబడలేదు. బ్రదికియున్న మనము మారవలెననుటయే ఆయన బోధ.

ఇది పట్నపు మేడలవారికి మాత్రమే చెప్పబడిన మాటయని మనము అనుకొనరాదు. గొయ్యి త్రవ్వి దానిని కప్పనివాడు, అందులో పడిన ఎద్దునకైనను గాడిదకైనను నష్టము అచ్చుకొనవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయములో నున్నది. పశువునకే అట్లయిన, బిడ్డ మాటేమి? 2017 జూన్ నెలలో చేవెళ్ల యొద్ద ఇక్కారెడ్డిగూడెములో రెండేండ్లు నిండని పాప తెరచియున్న బోరుబావిలో పడి చనిపోయెను. 2020 మే 27న మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో, నీళ్లు పడక అప్పుడే విడిచిన బోరుగుంతలో మూడేండ్ల బాలుడు పడెను. వానిని ప్రాణముతో తీయలేకపోయిరి. విడిచిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో నేలమట్టము వరకు పూడ్చవలెనని సుప్రీముకోర్టు 2010లోనే ఆజ్ఞాపించియుండెను. పందులు రాకుండ చేని చుట్టు కరెంటు తీగ కట్టి, రాత్రివేళ పొరుగువానిని పోగొట్టుకొనిన ఊళ్లును గలవు. కంచె అని పేరు పెట్టినంత మాత్రమున అది పిట్టగోడ కాదు.

దేవుడే కాపాడును, మనకెందుకీ జాగ్రత్తలు అని భక్తిగా పలుకువారు కొందరు గలరు. దేవాలయ శిఖరమున నిలువబెట్టి దూకుమని అపవాది ప్రభువుతో చెప్పినప్పుడు, వాడు వాక్యమునే ఎత్తి చూపెను. ప్రభువు దూకలేదు. దూకుట విశ్వాసము కాదు, దేవుని శోధించుట అని ఆయన ఉత్తరము (మత్తయి 4:5-7). పిట్టగోడ కట్టుమనిన దేవునియందు నమ్మకమున్నవాడు ఇటుకలు తెప్పించును.

పిట్టగోడకు ఒక విచిత్రమైన గుణము గలదు. దానివలన బ్రదికినవాడు తాను బ్రదికితినని ఎరుగడు. వచ్చి మనకు వందనము చెప్పడు. పడినవానిని మోసికొని ఆసుపత్రికి పోయినవానిని ఊరంతయు మెచ్చుకొనును. పడకుండ చేసినవానిని ఎవరును తలంపరు. పొరుగువానిని ప్రేమించుటలో ఇంత మరుగైన క్రియ మరియొకటి లేదు. రహస్యమందు చూచు తండ్రి దీనిని చూచును.

కావున ఈ మాసమున ప్రతి కుటుంబమును తన మిద్దెను, తన బావిని, తన కరెంటు తీగను ఒకసారి చూచుకొనవలెను. పట్నములో ఉన్న బిడ్డకు ఫోను చేసినప్పుడు, కూలి ఎంత ఇచ్చిరి అని అడుగకముందు, బెల్టు ఇచ్చిరా, నీవు కట్టుకొంటివా అని అడుగుడి. ఇయ్యలేదనినయెడల, ఆ కూలి మాకు వద్దు, నీవు దిగి రమ్ము అని చెప్పుడి. ఇంటివారు ఆ మాట అనినప్పుడే వానికి దిగివచ్చు ధైర్యము కలుగును. మన సంఘస్థులలో మేస్త్రీలును ఇండ్లు కట్టించువారును గలరు. బెల్టు వెల మొదట చెల్లించుడి. లాభము లెక్క తరువాత వేసికొనుడి.