తీరం వదలని సముద్రయానం దోషమా?

సముద్రయానం పాపమా అన్న ప్రశ్నకు ధర్మశాస్త్రాలు ఒకే జవాబు చెప్పవు. బౌధాయన ధర్మసూత్రం దాన్ని పతనీయాల్లో, అంటే కులభ్రష్టత్వం తెచ్చే దోషాల్లో, మొదట లెక్కించి మూడేళ్ల ప్రాయశ్చిత్తం విధించింది: నాలుగు పూటలకోసారి మితంగా తినాలి, రోజుకు మూడు వేళలా స్నానం చేయాలి, పగలు నిలబడి రాత్రి కూర్చుని గడపాలి. అదే గ్రంథం మరోచోట సముద్రయానాన్ని ఉత్తరాది వారి ఆచారాల్లో చేర్చింది. మనుస్మృతి మూడో అధ్యాయం సముద్రం దాటే బ్రాహ్మణుణ్ణి శ్రాద్ధానికి పిలవవద్దంటుంది. ఎనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి, సముద్రయానంలో ఆరితేరినవారు నిర్ణయించిన వడ్డీయే చెల్లుతుందని, నది మీద పడవ కిరాయికి లెక్క ఉంది గానీ సముద్రం మీద లేదని అంటుంది. ఓడ వ్యాపారం కావాలి, ఓడెక్కిన బ్రాహ్మణుడు మాత్రం పంక్తిలో వద్దు!

కళింగ తీరంలో ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాలేదు. రఘువంశం ఆరో సర్గలో కాళిదాసు కళింగ రాజును మహేంద్ర పర్వతానికీ మహాసముద్రానికీ కూడా ప్రభువన్నాడు. 1,501 మీటర్ల ఆ మహేంద్రగిరే ఉద్దానం ఒడ్డు వెంట తెరచాప ఎత్తి సాగేవారికి కొండగుర్తు. నైరుతి గాలి పట్టుకుని ఉత్తరానికి వెళితే వంశధార కలిసేచోట కళింగపట్నం, తర్వాత భావనపాడు, నువ్వలరేవు, మహేంద్రతనయ కలిసేచోట బారువ, ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు వస్తాయి. ఈశాన్య గాలి కాలంలో దారి తిరగబడుతుంది. వీటిలో చాలావాటికి అలల నుంచి కాపు లేదు. పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తే, కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవలు మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చేవి. ఒడ్డున మంచినీళ్లు, కొబ్బరి తోటల నీడ దొరుకుతాయి. బారువలో దిగినవాడు సంగమ స్నానం చేసి కోటిలింగేశ్వరుణ్ణి దర్శించుకోవచ్చు.

బౌధాయన సూత్రకారుడు నిషేధానికి కారణం చెప్పలేదు. తర్వాతి చర్చల్లో వినిపించేవి సంధ్యావందనం తప్పడం, ఆహారశుద్ధి చెడడం, పరదేశ సంసర్గం. ఈ మూడింటిలో ఏదీ నీటి దోషం కాదు, మూడూ దినచర్య తెగిపోవడం వల్ల వచ్చేవే. పొద్దుగూకేసరికి రేవు చేరి, సొంత పొయ్యి మీద వండుకుని, మర్నాడు మళ్లీ చాప ఎత్తే ప్రయాణంలో ఆ దినచర్య తెగదు. అందువల్ల తీరయానాన్ని ద్వీపాంతర యానంతో కలిపి ఒకే గాటన కట్టడం సరికాదు.

బౌద్ధం మరో అడుగు ముందుకు వేసింది. వినయపిటకంలోని మహావగ్గం భిక్షువు వానాకాలం ఒకచోట నిలవాల్సిన వర్షావాసాన్ని ఓడ మీదే గడపవచ్చని అనుమతించింది. ఓడ కదులుతున్నా నియమం నిలుస్తుందని దీని భావం. దీఘనికాయంలోని కేవద్ధ సుత్తంలో, వర్తకులు తీరం వెతికే పక్షిని వదిలితే అది ఒడ్డు కనిపిస్తే అటు పోతుంది, కనిపించకపోతే ఓడకే తిరిగొస్తుంది. ప్రశ్నకు జవాబు వెతుకుతూ బ్రహ్మలోకం దాకా తిరిగి బుద్ధుడి దగ్గరికే వచ్చిన భిక్షువుకు అది ఉపమానం. ఓడ వర్తకం ఎరిగిన శ్రోతలకే ఇలాంటి పోలిక చెప్పగలరు. కళింగపట్నానికి ఎగువన వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలు నిలిచిన కొండ కింద అలాంటి శ్రోతలకు కొదవ ఉండి ఉండదు.

ఆచారం బలమెంతో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రలో కనిపిస్తుంది. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఆయన గంగ మీద పడవ ఎక్కాడు. పూరీ నుంచి తిరుగు ప్రయాణంలో మాత్రం సముద్రాన్ని పక్కన పెట్టుకుని గంజాం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా నేల దారినే వచ్చాడు. అయితే దీన్ని పూర్తిగా శాస్త్రభయానికి ఆపాదించడం తొందరపాటు. యాత్రికుల బాటా సత్రాలూ ఉన్నది ఆ దారిలోనే.

మత్స్యకారులకు ఈ మీమాంస పట్టలేదు. సముద్రం వారికి గంగమ్మ తల్లి. కొత్త పడవకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీటిలోకి దింపుతారు. సంధ్య వార్చే ఇంటివారు కూడా కార్తికం ముగిసిన పాడ్యమి నాడు, పోలి కథ చెప్పుకుని, అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీటిలో వదులుతారు. ఒడిశాలో కార్తిక పున్నమికి బొమ్మ పడవలనే వదిలి పూర్వపు నావికులను తలుచుకుంటారు.

టెక్కలికి చేరువలోని మూలపేట ఓడరేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది. అలాంటి రేవులకు వచ్చే సరుకు ఓడల సిబ్బంది నెలల తరబడి ఇల్లు, పండుగ, పితృకార్యం అన్నిటికీ దూరంగా ఉంటారు. బౌధాయనుడి అభ్యంతరంలో ఇంకా పస ఉంటే, అది వర్తించేది రేవు రేవునా ఆగే తెరచాప పడవకు కాదు, ఈ ఓడ బతుకుకే.