నందిగ్రామ ధర్మము

అమలాపురము.

చిరంజీవి సౌభాగ్యవతియగు మనుమరాలికి చినతాతయ్య ఆశీస్సులు.

నీ యుత్తరము నిన్నటి టపాలో అందినది. చేతిలో ఫోనుండగా కాగితముమీద వ్రాయవలసి వచ్చినదన్నచో, ఇంటిలో నలుగురు వినుచుండగా నోట పలుకుటకు వీలుకాని సంగతియేదో కలదని కవరు విప్పకముందే గ్రహించితిని. తమ్ముడు ట్యూషను మాని సెల్లులో ఆటలకు మరిగినాడనియు, అమ్మమ్మ ఆ సంగతిని కప్పిపుచ్చుచున్నదనియు, అమ్మ కువైటునుండి పంపిన సొమ్ములో కొంత నాన్నగారు ఆమెకు తెలియకుండ ఒక బంధువునకు చేబదులిచ్చిరనియు, ‘దూరాన నున్నది, చెప్పినచో ఏడ్చుట తప్ప ఏమి చేయగలదు?’ అని ఇంటిల్లిపాది అనుచున్నారనియు వ్రాసి, చెప్పవలెనా, ఊరకుండవలెనా యని నన్నడిగితివి. నా తీర్పు ముందుగనే చెప్పుచున్నాను: చెప్పవలెను. ఏల చెప్పవలెనో, ఎట్లు చెప్పవలెనో కొంత తీరికగా వివరించెదను, ఓపికతో చదువుము.

మన గోదావరి సీమకు దేశాంతర జీవనము క్రొత్త కాదు. మా పెద్దల కాలమున కాకినాడ రేవున ఓడలెక్కి, మనవారు రంగమని పిలుచు రంగూనునకు పోయి, అచ్చటి బియ్యపు మిల్లులలోను రేవులలోను కూలి చేసి, 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు అడవులవెంట కాలినడకను ప్రాణములు దక్కించుకొని వచ్చినవారు ఎందరో కలరు. అప్పుడు పోయినవారు ప్రధానముగా పురుషులు. ఇల్లాలు మిగిలి ఇల్లు నిలుపుచుండెను. ఇప్పుడు కోనసీమనుండియు, నరసాపురము ప్రాంతమునుండియు, అటు కడప సీమనుండియు కువైటు, మస్కటు, బహ్రెయిన్ మొదలైన చోట్లకు ఇంటిపనికై పోవుచున్నవారిలో పెక్కుమంది స్త్రీలు. కావున ఇంటిని నడపిన చేయియే ఇల్లు విడిచి పోయినదన్నమాట.

ఇందు నీవు గమనింపవలసిన విశేష మొకటి కలదు. నరసాపురము చుట్టుపట్ల స్త్రీలు నూరేండ్లకు పైబడి గడప దాటకయే లేసు అల్లి సీమలకు పంపిరి. ఆ యల్లికవలన ఎన్ని పొయ్యిలు వెలిగినను, లోకము దానిని తీరికవేళ కాలక్షేపమనియే భావించినది గాని జీవనోపాధి యని గౌరవింపలేదు. స్త్రీ ఇంటిపట్టున ఉండి చేసిన పని కంటి యెదుటనే ఉన్నను లెక్కకు రాదు. ఆమె సముద్రము దాటి చేసిన పనికి దినారులు రూపాయలుగా మారి బ్యాంకులో పడగా లెక్క కనబడును గాని పని కనబడదు. ఈ రెండవ అంధత్వము మొదటిదానికన్న హెచ్చు ప్రమాదకరము. ఏలయన, క్రమక్రమముగా ఆమె తల్లియను మాట మరుగుపడి, నెల మొదటివారమున సొమ్ము పంపు మనిషిగా మాత్రమే ఇంటివారి మనసులలో మిగులును. మీ యింట ఇప్పుడు మొలకెత్తుచున్న దోషమిదియే. తమ్ముని ఆటలు, నాన్నగారి చేబదులు, అమ్మమ్మ కప్పిపుచ్చుట, ఇవన్నియు దాని కొమ్మలు.

మీ అమ్మ దినచర్యను ఒక్కసారి మనసున ఊహించుకొనుము. అచ్చటి గడియారము మనకన్న రెండున్నర గంటలు వెనుక. మీరు రాత్రి తొమ్మిదిన్నరకు అన్నము తిని చాపలు పరచుకొనువేళకు అచ్చట ఏడు గంటలు. ఆమె పనిచేయు యింటివారి రాత్రి వంట అప్పుడే పొయ్యి యెక్కును. వడ్డన ముగించి, గిన్నెలు కడిగి, వంటగది తుడిచి, ఆ మేడమ్ పిల్లలను పరుండబెట్టి ఆమె సెల్లు చేతికి తీసికొనునప్పటికి మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట. రంజాను మాసమున అచ్చట రాత్రియే పగలగును. సూర్యాస్తమయమున ఇఫ్తారు విందు, తెల్లవారకముందు సహరీ భోజనము, నడుమ వచ్చిపోవు చుట్టములు, ఆమె నడుము వాల్చుటకు వ్యవధి అరుదు. అట్టి వేళ ఆమె ఫోను చేయగా, ‘నిద్ర వచ్చుచున్నదే అమ్మా, రేపు మాట్లాడెదను’ అని మీ తమ్ముడు పెట్టివేయుట నేను మీ యింట నున్నప్పుడు కన్నులార చూచితిని. వాని తప్పును నేను పెద్దది చేయను, పసివాడు. కాని ఆ సెల్లు కొనుటకు సొమ్ము పంపినదియు ఆమెయే యని వానికి ఎవరైనను చెప్పిరా?

ఇక ధర్మము మాట. పరోక్షమున ఉన్నవారి ఇంటిని ఎట్లు కాపాడవలెనో మనకు నేర్పినవాడు భరతుడు. అన్న రాముని పాదుకలను సింహాసనమున నుంచి, తాను అయోధ్యలో కాక నందిగ్రామమున జటావల్కలములతో వసించి, ఏ రాజకార్యము వచ్చినను ముందు ఆ పాదుకలకు నివేదించి, పిదపనే నిర్వర్తించెనని వాల్మీకి వర్ణించినాడు. పాదుకలకు చెవులు లేవు, అవి సలహా చెప్పవు. అయినను పదునాలుగేండ్లు భరతుడు నివేదించుట మానలేదు. ఏలయన, నివేదన వినువారికి ఎంత అవసరమో, చెప్పువాడు దారి తప్పకుండుటకు అంతకన్న అవసరము. రేపు చెప్పవలసి యున్నదను తలంపు ఒక్కటి చాలును, ఈనాడు చేయి తప్పు చేయుటకు జంకును. రాముడు మరలి రాగా భరతుడు రాజ్యమప్పగించుటతో సరిపెట్టక, ధనాగారమును, ధాన్యాగారమును చూచుకొమ్మని చెప్పి, సమస్తము పదిరెట్లయినదని లెక్క ఒప్పగించినాడు.

మరియొకటి. చిత్రకూటమున భరతుని చూచినంతనే రాముడు తండ్రి క్షేమమడిగి, సైన్యమునకు జీతబత్తెములు సకాలమున ముట్టుచున్నవా యనువరకు ప్రశ్నలపై ప్రశ్నలు వేసినాడు. అడవికి వచ్చినవానికి ఈ విచారమేల యని భరతుడు విసుగుకొనలేదు. మీ అమ్మ ఫోనులో ‘కరెంటు బిల్లు కట్టిరా? అమ్మమ్మ బీపీ మాత్రలు వేసికొనుచున్నదా? తమ్ముని పరీక్షలో ఎన్ని మార్కులు?’ అని గ్రుచ్చి గ్రుచ్చి అడిగినప్పుడు అది చాదస్తమని తలంపకుము. అడుగు హక్కు పోయిననాడు ఆమెకు ఆ యింటితో మిగులునది సొమ్ము సంబంధమే.

‘బాధపడునని చెప్పలేదు’ అనుట చూచుటకు దయవలె నుండును. నిజమునకు అందు దయకన్న మన సుఖమే ఎక్కువ. ఆమె నిలదీయునను భయము మనకు తప్పును, ఆమె చక్కదిద్దు అవకాశము ఆమెకు తప్పును. ఏడవ తరగతి చదువుచున్న పిల్లవాడు ఇప్పుడు నాలుగు నెలలు వెనుకబడినచో కూర్చుండబెట్టి చదివింపవచ్చును. పదవ తరగతి తప్పిన పిదప తెలిసినచో చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే యగును. దూరాన ఉన్నదానికి చెప్పిన ప్రయోజనమేమి యందురా, ఆమె మాటకు వాడు భయపడును, భయముకన్న ఎక్కువగా సిగ్గుపడును; ఆ పని అమ్మమ్మవలన కాలేదు, నీవలన కాలేదు.

అయితే వార్త చెప్పుట వేరు, చాడీ చెప్పుట వేరు. ఎదుటివారి వెనుక చెప్పునది, చెప్పి చేతులు దులుపుకొనునది చాడీ. వారి యెదుట చెప్పునది, దిద్దుబాటుకు దారి వెదకునది వార్త. కావున ముందు నాన్నగారిని ఒంటిగా కలిసికొని, ‘నాన్నా, ఆ చేబదులు సంగతి అమ్మకు మీరే చెప్పుట బాగుండును, వచ్చు శుక్రవారములోగా చెప్పుడు, లేనిచో ఆమె లెక్క అడిగినప్పుడు నేను అబద్ధమాడలేను’ అని వినయముగా మనవి చేయుము. ఆయన చెడ్డవారు కారు. కొబ్బరి దింపు పని కలిగిన దినములలో చెట్టెక్కి దించియు, లేని దినములలో ఒలుపు పనికి పోయియు కష్టపడువారే. భార్య సంపాదనమీద బ్రతుకుచున్నాడను మాట ఊరిలో వినబడినప్పుడు పురుషునకు కలుగు న్యూనతను మాన్పుకొనుటకు, అడిగినవారికి లేదనక ఇచ్చి పెద్దరికము నిలుపుకొనుట కలదు. ఆ దౌర్బల్యమును ఎత్తిపొడవక, ఆయన గౌరవమునకు భంగము రానీయక, సత్యమును మాత్రము వదలకుము.

సొమ్ము విషయమున నీవు చేయవలసినది సులభము. ఒక నోటు పుస్తకమున ఎడమ ప్రక్క వచ్చిన సొమ్ము, కుడి ప్రక్క పోయిన సొమ్ము తేదీతో వ్రాయుము. ఏజెంటునకు ముట్టజెప్పుటకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరుట మొదటిది. మీ చదువులు రెండవది. తాకట్టులో నున్న ఆమె పుస్తెలతాడు విడిపించుట మూడవది. ఆమె పేర, ఆమె ఖాతాలోనే, ఎంత స్వల్పమైనను కొంత నిలువచేయుట నాలుగవది. ఇవి కాక డాబా, బండి, చుట్టముల పెండ్లిలో గొప్పలు ఆ తరువాత. కువైటులో ఏండ్లు గడిపి వచ్చి, ఇంట తన పేర నూరు రూపాయలు లేక, మరల అదే యేజెంటు గుమ్మమెక్కిన ఆడపడుచులను మన వీధిలోనే చూచుచున్నాము.

మీరు ఆమెకు దాచినట్లే ఆమెయు మీకు దాచుచుండవచ్చును. ‘బాగున్నాను, మేడమ్ మంచిది’ అను మాటతో తృప్తిపడక, భయపెట్టకుండ అడుగవలసినవి అడుగుము: పాస్‌పోర్టు ఎవరియొద్ద నున్నది? అకామా, అనగా నివాసానుమతి, గడువు ఎప్పటివరకు? జీతము ప్రతి నెల చేతికి వచ్చుచున్నదా? వారమున ఒక దినము విశ్రాంతి ఇచ్చుచున్నారా? కువైటు ప్రభుత్వము 2015లో చేసిన ఇంటిపనివారి చట్టము దినమునకు 12 గంటలకు మించి పని కూడదనియు, వారమున ఒకనాడు సెలవు, ఏటా 30 దినములు జీతముతో కూడిన సెలవు ఈయవలెననియు శాసించుచున్నది. చట్టమున్నంత మాత్రమున ఆ యింటి నాలుగు గోడలనడుమ అది అమలగునని నేననను. కాని తన హక్కు తెలిసినదానికిని తెలియనిదానికిని భేదము కలదు. ఆమె పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందము, బతాకా యను గుర్తింపు కార్డు, వీని నకళ్లును, యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరును ఇంట ఒక సంచిలో భద్రపరచుము. సక్రమమైన దారిన పోయినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కలదు; ఆ పాలసీ కాగితమును, అందు నామినీ పేరును చూచుకొనుడు. కష్టము వచ్చినచో అచ్చట భారత రాయబార కార్యాలయము, ఇచ్చట విదేశాంగ శాఖవారి మదద్ వ్యవస్థ కలవు. ఆ వేళ కాగితములు లేనివారి మొర వినువారు తక్కువ.

ఊరివారి నోళ్ల విషయమున ఒక్క మాట. గల్ఫునకు పోయిన స్త్రీని గూర్చి అరుగులమీద కూర్చుండి తేలిక మాటలాడువారు ప్రతి యూరను ఉందురు. వారిలో పెక్కుమంది అదే స్త్రీని అప్పు అడుగుటకు మాత్రము వెనుదీయరు. వారికి బదులు చెప్పబోకుము. తమ్ముని యెదుట ఆ మాటలు ఎవరైనను అన్నచో మాత్రము, వాడు వినుచుండగనే ఖండింపుము. పిల్లవాని మనసున తల్లి యెడల సంశయము నాటుకొన్నచో తీయుట కష్టము.

అమ్మమ్మను కోపింపకుము. మా వదినగారు మనుమని లాలనలో కూతురి యెడబాటును మరచుచున్నది. ఆమె దాచుట స్వార్థము కాదు, వార్ధక్యపు దౌర్బల్యము. ట్యూషను మాస్టారిని నేనే కలిసికొని మాట్లాడెదను.

కడపటి మాట నిన్ను గూర్చి. తల్లి లేని యింట పెద్ద కూతురిని తల్లిని చేయుట మన లోకము అలవాటు. తెల్లవారుజామున నీళ్లు పట్టి, వంట చేసి, తమ్మునికి క్యారేజి కట్టి, ఇంటరు క్లాసుకు సగము దినములు ఆలస్యముగా పోవుచున్నానని వ్రాసితివి. నిన్ను మెచ్చుకొనుచునే మందలించుచున్నాను: ఆ భారమంతయు నీది కాదు. అన్నము వార్చుట నాన్నగారికి చేతనగును, తన కంచము కడుగుకొనుట తమ్మునికి చేతనగును, వారిచేత చేయింపుము. మీ అమ్మ పరుల యింట వంటపని చేయుచున్నది నీవు స్వగృహమున చదువు మాని వంటపని చేయుటకు కాదు. ఆమె పంపిన ప్రతి దినారునకు ఒప్పగింపవలసిన లెక్కలో నీ చదువే పెద్ద పద్దు. కాలేజి మానకుము.

ఇట్లు
నీ మేలు కోరు
చినతాతయ్య