పరదేశ విద్య – సహధర్మము

పరిశోధనార్థము విదేశమునకు రమ్మని విశ్వవిద్యాలయము పంపు ఆహ్వానపత్రములో నొక్కని పేరే యుండును. ప్రయాణము మాత్రము కుటుంబమంతటిది. దానికి బదులు వ్రాయు నధికార మొక్కనికే కలదా?

ఆలుబిడ్డలను స్వదేశమున నుంచి పోవుట యొక మార్గము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు భార్యను విడిచి అమెరికాకేగి, 1948లో న్యూయార్కునందు మరణించువఱకు మరలి రాలేదు. ఆయన కృషివలన లోకమునకు కలిగిన మేలు అపారము. ఆ మేలునకు మూల్యము చెల్లించినవారిలో ఇంట మిగిలిన యిల్లాలును గలదు.

వెంటగొనిపోవుట రెండవ మార్గము. చంద్రశేఖరుగారు 1936లో లలితగారిని వివాహమాడి, 1937 నుండి అమెరికాలోని యర్కీస్ వేధశాలలో పనిచేసిరి. ఆమెయు భౌతికశాస్త్రము చదివినదే. వివాహానంతరము ఆ వృత్తిని విడిచెను. ఇటీవలి సంగతి చూడుడు: హెచ్-1బి వీసాపై పోయినవాని వెంట వచ్చు భార్యకు 2015 వఱకు అచ్చట ఉద్యోగానుమతి లేకుండెను, ఆ యేట కొందఱికి మాత్రమే లభించినది.

విజ్ఞానము లోకహితము గనుక గృహసౌఖ్యమును త్యజింపవలయునని కొందఱందురు. తనదానిని విడుచుట త్యాగము. ఒరులదానిని విడిపించుట త్యాగమెట్లగును?

'సహధర్మచారిణి' యను మాటను మనము భార్యకే విధిగా బోధించుచున్నాము. 'సహ' శబ్ద మిరువురను బంధించును. కావున ఆమె విద్య యేమగును, బిడ్డలే భాషలో చదువుదురు, వృద్ధులైన తలిదండ్రుల నెవరు చూతురు అని దంపతులు ముందుగా కలసి విచారింపవలెను. ఆమె వలదన్నచో మానుకొనుటకు సిద్ధపడి యడిగినప్పుడే అది యడుగుట యగును. పరిశోధకురాలు భార్యయైనను ధర్మ మిదియే.