అభిరుచికి నియమమేల?

మన వర్తక కుటుంబములకు సంవత్సరాదులు ఒకటి కాదు, నాలుగు. దీపావళి నాడు క్రొత్త ఖాతా పుస్తకములకు పూజ చేసి, మరునాడు కార్తిక శుద్ధ పాడ్యమితో వీరనిర్వాణ సంవత్సరమును మార్చుకొందుము. చైత్రములో ఇరుగుపొరుగు తెలుగువారితో కలిసి ఉగాది పచ్చడి తినెదము. ఆదాయపు పన్ను లెక్కలకు ఏప్రిల్ 1. ఇక లోకమంతటితో పాటు జనవరి 1. ఇన్ని ఆరంభములు గల మనకు సంకల్పములకు కొదువ లేదు. కొదువ యున్నదెల్ల ముగింపులకే.

హోసూరులో వాణిజ్యశాస్త్రము చదువుచున్న నా మనుమడు ఈ జనవరి 1వ తేదీన తన గది గోడకొక కాగితము అంటించినాడు. వానికి ఎలక్ట్రానిక్సు చదువు కాదు, అభిరుచి. అంగడి మూసిన తరువాత రాత్రి పది గంటల దాకా టంకము పొగలో కూర్చుండును. ఆ కాగితముపై పన్నెండు నెలలకు పన్నెండు సంకల్పములు కలవు. ఒక నెల ఆసిలోస్కోపు కొనుట, ఒక నెల వాన, ఎండ లెక్కించు యంత్రము, ఒక నెల ఔత్సాహిక రేడియో పరీక్షకు చదువుట, ఒక నెల దోమలను కొట్టు బ్యాటు తయారుచేయుట, ఇట్లు సాగినది. నేను చదివి నవ్వి, “పోయిన ఏటి కాగితం ఎక్కడరా?” అని అడిగితిని. వాడు తడుముకొనలేదు. “తాతా, ముందు మీ ట్రంకుపెట్టె తెరిచి చూపించండి” అన్నాడు.

ఆ పెట్టెలో ఒక రేడియో కలదు. కలదనుట సగము నిజము.

నాకు ఈ పిచ్చి పట్టినది 1978 ప్రాంతమున. ఢిల్లీ నుండి 1969లో ప్రారంభమైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యు’ మాసపత్రికను ఒక మిత్రుని యింట చూచితిని. ప్రతి సంచికలో ఏదో ఒక సర్క్యూటు. ప్రతి సర్క్యూటులోను మన దగ్గర లేని భాగము ఒక్కటి. దాని కొరకు బస్సెక్కి 40 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరు పోవలెను. అచ్చట ఎస్.పి. రోడ్డని పిలువబడు సాదర్ పత్రప్ప రోడ్డులో గవ్వల వలె రాసులు పోసిన ట్రాన్సిస్టరులు, కండెన్సరులు. ఒక్క భాగమునకు పోయి ఇరువది తెచ్చుకొనెడివాడను. మిగిలిన పందొమ్మిదింటి కొరకు క్రొత్త సర్క్యూటులు వెదకెడివాడను. సరుకు కొని గిరాకీని వెదకు వర్తకుని మన వీధిలో ఏమందురో చదువరులు ఎరుగుదురు.

కృష్ణగిరిలో మా పెద్దమ్మ యుండెడిది. అది నాడు ధర్మపురి జిల్లాలోనిది. చూపు మందగించి ఆమెకు పుస్తకపఠనము ఆగిపోయినది. కడప కేంద్రము నుండి వచ్చు తెలుగు మాటలు, పాటలు వినవలెనని ఆమె కోరిక. అంగడిలో దొరకు రేడియో ఒకటి తెచ్చియిచ్చెదనని మా తండ్రిగారు అన్నారు. నేను అడ్డుపడి, “పెద్దమ్మా, నా చేత్తో నేనే చేసి ఇస్తాను” అంటిని. ఆమె మురిసిపోయి మా తండ్రిగారితో, “వాడు చేసిందే కావాలి, మీరు కొనవద్దు” అని చెప్పినది. ఇది 1983 దీపావళి నాటి మాట.

రేడియో చేయుట బ్రహ్మవిద్య కాదు. కడప కేంద్రపు తరంగము 900 కిలోహెర్ట్జులు. సెట్టులోని చిన్న ఆందోళకము 1355 కిలోహెర్ట్జులు పుట్టించును. ఈ రెండును కలియగా ఏర్పడు భేదము 455. తరువాతి మెట్లన్నియు ఆ 455నే పెంచుకొనుచు పోవును. ముల్లు ఏ స్టేషనుకు త్రిప్పినను భేదము మాత్రము మారదు. అందుకు పసుపు, తెలుపు, నలుపు టోపీలు గల మూడు తీగచుట్టలను ప్లాస్టిక్ పుల్లతో వెంట్రుకవాసి త్రిప్పి సరిచేయవలెను. కష్టమంతయు ఇచ్చటనే. టంకము వేయుట ఒక పూట పని. శ్రుతి చేయుట ఓరిమి పని. ఆ పూట పని ముగించి, ఓరిమి పని ముందు నేను చతికిలబడితిని. అంతలో పత్రికలో ఏదో డిజిటల్ గడియారపు సర్క్యూటు వచ్చినది.

1984 దీపావళికి సంకల్పించితిని: రేడియో ముగియువరకు క్రొత్త భాగములు కొనరాదు. ఫాల్గుణము దాకా నిలిచినది. పిమ్మట బెంగుళూరు పోయి ఒక మల్టీమీటరు కొంటిని. అది భాగము కాదు గదా, పనిముట్టు! అని మనసుకు నచ్చజెప్పుకొంటిని. 1985 దీపావళికి అదే సంకల్పమును మరల చేసితిని. 1986 కార్తికములో పెద్దమ్మ గతించినది. మూడేండ్లలో ఆమె నన్ను ఒక్కనాడును నిష్ఠురమాడలేదు, “ఎంతవరకు వచ్చింది నాయనా?” అని మాత్రము అడిగెడిది.

నేను ఆమెకు రేడియో ఇయ్యలేదు, అంతటితో పోలేదు. నా మాట అడ్డుండుటచేత మా తండ్రిగారు కూడ ఇయ్యలేకపోయిరి. నెరవేరని సంకల్పము సున్న యని మనమనుకొందుము. చేయలేదు, నష్టమేమి యందుము. అది సున్న కాదు. ఇంకొకడు చేయదగిన మేలు కూర్చుండవలసిన పీటపై అది ఎక్కి కూర్చుండును. బయానా పుచ్చుకొని సరుకు పంపనివానిని మనము వర్తకుడనము. అభిరుచి పేరిట అదే పని చేసినవానిని మాత్రము ‘కొంచెము బద్ధకస్తుడు’ అని నవ్వి విడిచెదము.

మల్టీమీటరు సంగతి నన్ను చాలకాలము బాధించినది. తరువాత గాంధీగారి ఆత్మకథలో దాని పోలిక కనుగొంటిని. 1888లో ఆయన ఇంగ్లండు పోవునప్పుడు తల్లి భయమును పోగొట్టుటకై మద్యము, మాంసము, పరస్త్రీ ముట్టనని బేచర్జీ స్వామి అను జైన సాధువు ఆయనచే ప్రమాణము చేయించెను. ఆ ప్రమాణమును ఆయన నిలుపుకొనెను. 1912లో పాలు మానెదనని వ్రతము పట్టెను. 1918లో తీవ్రముగా జబ్బుపడి చిక్కిన కాలమున, వ్రతము పట్టిననాడు మనసులో ఉన్నవి ఆవు గేదెల పాలే గదా యని, కస్తూరిబా సూచనతో మేకపాలు త్రాగెను. ప్రాణము నిలిచెను గాని, మాటలో నిలిచి భావములో తప్పితినను చింత ఆయనను విడువలేదు. ఆ సంగతి ఆయనే వ్రాసికొనెను. అంతటివాని మేకపాల ప్రక్కన నా మల్టీమీటరును పెట్టుట సాహసమే. అయినను జారుడు మెట్టు ఒక్కటే. ఆయన చావుబ్రతుకుల నడుమ జారెను, నేను ఎస్.పి. రోడ్డులో జారితిని.

సంవత్సరాది సంకల్పములు ఏల నిలువవు? అమెరికాలో జాన్ నార్‌క్రాస్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 200 మంది జనవరి సంకల్పులను వెంబడించి 1980ల చివర ఫలితములు ప్రకటించెను. వారము గడుచునప్పటికి నూటికి 77 మంది నిలిచిరి, నెలకు 55, ఆరు మాసములకు 40, రెండేండ్లకు 19. ఇది నన్ను ఓదార్చినదని చెప్పుటకు సిగ్గుపడను. కాని ఓదార్పుతో పని జరుగదు.

మన పెద్దలు ఏడాదిని నమ్మలేదు. యావజ్జీవమునకు పట్టునది యమమనియు, కాలపరిమితితో పట్టునది నియమమనియు సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో వేరుచేసి చెప్పినారు. మన యిండ్లలో చిన్నపిల్లలు సైతము ప్రొద్దుట చేయు నవకారసీ ఎంత? సూర్యోదయము తరువాత 48 నిమిషములు. రెండు ఘడియలు నోరు కట్టుకొనుట చేతనైనవానికే తరువాతి మెట్టు. ప్రత్యాఖ్యానమునకు వెనుకనే ప్రతిక్రమణము: ప్రతిదినము, పక్షమునకు, చాతుర్మాసమునకు, సంవత్సరమునకు. తప్పు జరిగినదా యని నాడే చూచుకొనెదము. చిట్టా వ్రాయక ఆవర్జా వ్రాయువాడెవ్వడు? జనవరి సంకల్పులు చేయునది ఇదే. ఏడాది కొసన ఒకేసారి ఆవర్జా తెరచి, అందేమియు లేదని మూసివేసెదరు.

అభిరుచికి నియమమేల, అది స్వేచ్ఛగా సాగవలసినది గదా యని నా మనుమడు వాదించినాడు. “దీనికీ రూల్సు పెడితే ఇంక అంగడికీ దీనికీ తేడా ఏముంది తాతా?” అన్నాడు. ఈ ప్రశ్నకు నా వద్ద పూర్తి సమాధానము లేదు. దినమెల్ల లెక్కలలో మునిగినవానికి రాత్రి లెక్క లేని గంట ఒకటి కావలెను; అది న్యాయమే. టంకపు కడ్డీ పట్టిన చేతికి ఏమి చేయవలెనో చెప్పు నియమము నాకును రుచింపదు. కాని కొనుటకు హద్దు కావలెను. ఇంకొకరికి ఇచ్చిన మాటకు హద్దు కావలెను. ఈ రెండును అభిరుచి కానే కావు, దాని ముసుగులో వచ్చినవి.

కొనుట మాటకే వత్తును. వస్తువు కంటె దానిపై మమకారమే పరిగ్రహమని తత్త్వార్థసూత్రకర్త నిర్ణయము. నా ట్రంకుపెట్టె అందుకు సాక్షి. నలువదేండ్లు దాచిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులు లోపలి తేమ ఆరి శక్తి కోల్పోయినవి. బ్యాటరీలు కారి, తగిలిన రాగిని పచ్చబరచినవి. వాడియుంటే పాట పాడెడివి, దాచుటచే చెడినవి. ఇప్పుడవి ఎలక్ట్రానిక్ వ్యర్థములు. టంకములో సీసము కలదు గనుక చెత్తకుప్పలో పారవేయుటయు తగదు. ఇట్టి వ్యర్థముల సేకరణ బాధ్యతను తయారీదారులపై పెట్టిన 2022 నాటి నియమావళి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది గాని, నా పెట్టెను నింపినది తయారీదారు కాదు.

హద్దు అభిరుచిని చంపునని అనుకొనువారికి ఔత్సాహిక రేడియోవారిని చూపుదును. వారు పరీక్ష వ్రాసి, ప్రభుత్వ అనుమతి పొంది, ప్రతి సంభాషణకు తేదీ, వేళ, తరంగము, ఎదుటివారి సంకేతము పుస్తకములో వ్రాసికొందురు. అచ్చముగా మన చిట్టాయే. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ అను ఆమె 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు పోయినది. అండమాను నుండి లోకములోని తోటివారితో మాటలాడుట ఆనాటి వేడుక. డిసెంబరు 26 ఉదయమున సునామీ వచ్చి మామూలు మార్గములు తెగిపోగా, ఆ వేడుక సెట్టే ఆప్తుల క్షేమవార్తలను మోసినది. నాడు ఆమె సెట్టు సిద్ధముగా నుండెను. నా సెట్టు ట్రంకుపెట్టెలో నుండెను.

దోమల బ్యాటును గూర్చి మాకు వాదమే కలుగలేదు. అందలి సర్క్యూటు రెండు మూడు వోల్టుల బ్యాటరీని వందల వోల్టులకు పెంచు తీరు నిజముగా అందమైనది. వానికి నేర్చుకొన ముచ్చటయైనది అదే. కాని హింసోపకరణము చేసి యిచ్చుట అనర్థదండములలో నొకటి యని నేను చెప్పబోవునంతలోనే వాడు దానిని కొట్టివేసినాడు. “నాన్నమ్మ చూస్తే ఊరుకోదు” అన్నాడు. శాస్త్రము కంటె నాన్నమ్మ గట్టిదని నేనును ఒప్పుకొంటిని.

తుదకు ఆ పన్నెండు సంకల్పములు గోడ మీది నుండి దిగినవి. ఇద్దరము ఒకే నియమము పట్టితిమి, ఉగాది వరకు మాత్రమే. ఏమియు కొనరాదు, దినమునకు 48 నిమిషములు పెట్టెలోని రేడియోపై పనిచేయవలెను, పడుకొనునప్పుడు ఆనాటి పనిని చిట్టాలో ఒక పంక్తి వ్రాయవలెను. సెల్ ఫోనులోనే ఎన్నో ఆకాశవాణి కేంద్రములు వినబడు ఈ దినములలో ఈ రేడియో ఎవరికని కోడలు అడిగినది. నేను జవాబు చెప్పలేదు. మనుమడే, “కృష్ణగిరి పెద్దమ్మగారిది” అన్నాడు.

క్రొత్త కండెన్సరులు కొనకయే, మనుమడు పాడైన టేప్‌రికార్డరు నుండి ఊడదీసి వేసినాడు. వాని పెట్టెలోనిదే గాబట్టి చెల్లినది. స్పీకరులో బుసబుస వినవచ్చినది. నిన్నటి రాత్రి పసుపు టోపీ చుట్టను త్రిప్పుచుండగా లోపలి ఫెర్రైట్ గుండు పుటుక్కున విరిగినది. ఇన్నేండ్ల పాతది, విరుగుట వింత కాదు. క్రొత్తది కొందమన్న నియమము పోవును. మనుమడు కొంతసేపు ఊరకుండి, “మీ స్నేహితుడి దగ్గర పాత సెట్టు ఉందన్నారు కదా తాతా, అడిగి తెచ్చుకుందామా? అది కొనడం కాదు గదా!” అన్నాడు. నేను వాని ముఖము చూచితిని. వాడే ముందు నవ్వి, “మేకపాలు” అన్నాడు.

ఈ ప్రశ్ననే ఆనాటి పంక్తిగా చిట్టాలో వ్రాయించితిని. ఉగాదికి ఇంకను 11 దినములు కలవు.