కేర్‌స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం

పరుల చేతి కింద బతికే మనిషి దేవుని విషయంలో స్వేచ్ఛగా నిర్ణయం తీసుకోగలడా అన్న ప్రశ్న క్రైస్తవ చింతనలో పాతదే అయినా, అది తక్కిన శాఖలకంటే బాప్టిస్టులను గట్టిగా నిలదీస్తుంది. ఎందుకంటే ఆ శాఖ పునాది అంతా వ్యక్తి సమ్మతి మీదే నిలిచి ఉంది. పసిబిడ్డలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదనీ, తెలివి వచ్చాక విశ్వాసాన్ని సొంత నోట ఒప్పుకొన్నవారినే నీటిలో ముంచి సంఘంలో చేర్చుకోవాలనీ, అలా చేరినవారే తమ కాపరిని, అంటే బోధకుణ్ణి, ఎన్నుకొని పై అధికారి ప్రమేయం లేకుండా సంఘాన్ని నడుపుకోవాలనీ వారి సిద్ధాంతం. నారాయణగూడ, సికిందరాబాదు బాప్టిస్టులకు ఇది ఎరిగిన సంగతే గాని, తమ పూర్వుల్లో కొందరు దీనిని అత్యంత కఠినమైన పరీక్షకు పెట్టిన చోటు ఆంధ్రదేశంలో కాక దక్షిణాఫ్రికాలో ఉందన్నది అంతగా ప్రచారంలో లేదు.

ఈ శాఖ పుట్టింది కూడా వలసలోనే. ఇంగ్లండులో రాజు మతాన్ని అంగీకరించని జాన్ స్మిత్ బృందం ఆమ్‌స్టర్‌డాంకు వెళ్లి 1609లో తొలి సంఘాన్ని ఏర్పరచుకొంది. మాంచెస్టరు ప్రాంతం నుంచి అమెరికాకు వలసపోయి, గాజు పనీ సేద్యమూ చేసుకొంటూ సంఘ నాయకుడైన ఒబడయా హోమ్స్‌ను 1651లో బోస్టన్ అధికారులు ముప్పై కొరడా దెబ్బలు కొట్టించారు. మిత్రులు జరిమానా చెల్లిస్తామన్నా, చెల్లిస్తే తప్పు ఒప్పుకొన్నట్లవుతుందని ఆయన నిరాకరించాడు. హోమ్స్ ధైర్యం గొప్పదే. కానీ ఆయనకు న్యూపోర్టు వైపు సొంత భూమి ఉంది, నిరాకరించడానికి వేరే దారి ఉంది. అట్టి దారే లేని మనిషి సమ్మతిని ఎలా తూచాలో ఆయన జీవితం చెప్పదు.

ఆ తూకం దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో దొరుకుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా, లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులు ఐదేళ్ల ఒప్పందపు కూలీలుగా ఆ బ్రిటిషు వలసరాజ్యానికి వెళ్లారు. మగవారికి మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల కూలి. చీటీ లేకుండా తోట దాటితే నేరం. గడువు తీరాక ఉండిపోయే వారిపై 1895 చట్టం విధించిన మూడు పౌన్ల వార్షిక పన్ను ఆరు నెలల తొలి కూలికి సమానం కాబట్టి, చాలామంది మళ్లీ ఒప్పందంలోకే జారవలసి వచ్చేది. కేర్‌స్నీ అనే చోట తేయాకు తోటల యజమాని సర్ లీజ్ హ్యూలెట్, 1857లో ఇంగ్లండు నుంచి వచ్చి సేద్యంతో సంపన్నుడై, నేటాల్ రాజకీయాల్లోనూ మెథడిస్టు శాఖలోనూ పెద్దగా నిలిచినవాడు. మెథడిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మమిస్తారు. ఈ చిన్న వివరం ముందుకు ముఖ్యం.

ఆ తోటల్లోని తెలుగు క్రైస్తవులు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టు సంఘాల సంతానం. ఆ సంఘాలు 1876-78 నాటి ధాత కరువు తరువాత ఒక్కసారిగా పెరిగాయి కాబట్టి, కూటి కోసం మతం మారారన్న నింద వాటిని వదలలేదు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ అనుమానాన్ని తానే పడ్డాడు: బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని కరువు కూలి చూపించాడు గాని, కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. పని ఆగిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి ఇచ్చారు. ఆ నిరీక్షణ నిజాయితీకి సాక్ష్యమే గాని, కడుపు నిండని మనిషికి మనసు ఉండదన్న వాదానికి పూర్తి జవాబు కాదు; సాయం చేసిన దొర ఇంకా ఎదురుగానే ఉన్నాడు కదా.

పూర్తి జవాబు ఇచ్చినవారు ఈ కూలీలే. నేటాల్‌లో వారికి తిండి పెట్టే మిషనరీ లేడు, యజమాని శాఖ వేరు. పోషించేవారి మతం పట్టడమే వారి స్వభావమైతే హ్యూలెట్ ప్రార్థనా మందిరంలో చేరిపోవడం అన్ని విధాలా సుఖం. వారు అలా కాక స్వదేశానికి వర్తమానం పంపి, తమకొక తెలుగు కాపరి కావాలని అడిగారు. ఆ కోరిక మేరకు తెలుగు బాప్టిస్టు స్వదేశీ మిషన్ సంఘం, నెల్లూరులో ఉపాధ్యాయుడైన జాన్ రంగయ్యను 1903లో పంపింది. పేద తెలుగు విశ్వాసులు తమ కానుకలతో, తమవాణ్ణే సముద్రం దాటించడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు. మిషన్ అంటే దొరలు చేసే పని అన్న భావనను ఆ ఒక్క ప్రయాణం తలకిందులు చేసింది. అదే ఏడు డిసెంబరు 27న కేర్‌స్నీలో దక్షిణాఫ్రికా తొలి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

దూరదేశంలో మాతృభాష వినాలన్న బెంగే ఇందుకు కారణమని ఎవరైనా అనవచ్చు. బెంగ ఉండే ఉంటుంది, అది తప్పూ కాదు. అయితే ఒక్క బెంగ తీరడానికైతే భజనలూ పండుగలూ చాలును. తమ కాపరిని తాము పిలుచుకొని, చేరికలనూ క్రమశిక్షణనూ తామే తేల్చుకొనే సంఘం అక్కరలేదు. పగలంతా సర్దారు అనే మేస్త్రీ ఆజ్ఞకు లోబడి ఆకు కోసినవారు ఆ కూటంలో మాత్రం చెయ్యెత్తి తీర్పు చెప్పగల సభ్యులయ్యారు. ఒప్పందం వారి శ్రమను కొన్నది గాని సమ్మతిని కొనలేకపోయిందనడానికి ఇంతకంటే గట్టి ఆధారం వెతకనక్కరలేదు. అందువల్ల స్వేచ్ఛ ముందు సిద్ధించి తరువాత విశ్వాసం రావాలనే వరుస సరికాదు. ఇక్కడ విశ్వాసమే, కనీసం వారానికొక దినం, స్వేచ్ఛను అభ్యాసం చేయించింది. దీనివల్ల ఆ ఒప్పందపు వ్యవస్థ అన్యాయం రవ్వంతైనా తగ్గదు. మూడు పౌన్ల పన్ను 1913 నాటి పెద్ద సమ్మె తరువాతనే 1914లో రద్దయింది. మరుసటి ఏడు చివర రంగయ్య కన్నుమూసేనాటికి సంఘాలు కేర్‌స్నీ దాటి డర్బన్ దాకా విస్తరించి ఉన్నాయి. తరువాతి కాలంలో ఆయన కుమారుడు థియోఫిలస్ ఆ బాధ్యతను తలకెత్తుకొన్నాడు.