గోధుమ లేని క్యారేజీ

కాకినాడ ఇళ్లలో ఈపాటికి పిల్లల క్యారేజీలు సర్దే హడావుడి మొదలై ఉంటుంది. సీలియాక్ జబ్బున్న బిడ్డ ఇంట్లో ఉంటే ఆ అమ్మ చేయి ప్రతి డబ్బా దగ్గరా ఆగుతుంది. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ ఆ బిడ్డ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు, ఎదుగుదల కుంటుపడుతుంది. 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని రోజుల్లో ఇలాంటి పిల్లలు తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టింది. అది గమనించిన పిల్లల వైద్యుడు విల్లెం డికె, దోషం గోధుమదేనని తేల్చారు.

మనది వరి పండే సీమ కావడం ఎంత ఆసరానో! ఇడ్లీ, దిబ్బరొట్టె, పెరుగన్నం, అన్నీ ఉన్నాయి. పెసరట్టూ మంచిదే, కానీ లోపల పెట్టే ఉప్మా రవ్వ గోధుమదే. మన కాజా మైదాతో చేసేదే. అన్నిటికన్నా కనిపెట్టలేనిది ఇంగువ. పులిహోరలో గోధుమ ఎక్కడిదనుకుంటాం. ఇంగువ డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలిసి ఉంటుంది. చపాతీ కాల్చిన పెనం మీదే అట్టు పోసినా ముప్పే.

అనుమానం వస్తే మాత్రం ముందు డాక్టరుగారికి చూపించండి. మీ అంతట మీరే గోధుమ మాన్పించేస్తే రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు.

బడిలో పిల్లలు ఒకరి డబ్బాలోది ఒకరు తింటారు, తినాలి కూడా. అందుకే టీచరుగారికి ముందే చెప్పి ఉంచండి. ఎవరిదైనా పుట్టినరోజని కేకు పంచే రోజున మీ బిడ్డకు ఇంట్లో చుట్టిన సున్నుండలు పెట్టండి. పక్కన కూర్చునే నేస్తాలకూ సరిపడా పెట్టండి.