అలిపిరి మెట్లు – అర్ధబలము

అలిపిరిలో పాదాల మండపమునొద్ద శ్రీవారి పాదుకలను శిరస్సున ధరించి ప్రదక్షిణ మొనర్చి, మెట్లకు పసుపు కుంకుమలిడి భక్తజనులు కొండనెక్క నారంభింతురు. అచ్చటినుండి తిరుమలకు సుమారు 9 కిలోమీటర్ల దారి, మెట్లు 3,550. 1944లో ఘాట్ రోడ్డు ఏర్పడువరకు కాలినడకయో, నడువలేనివారికి డోలీయో శరణ్యము. నాటివారు కొండకై ప్రత్యేకముగా అభ్యసింపలేదు. పొలమునకును, సంతకును నిత్యము నడచిన కాళ్లే మెట్లెక్కినవి. నేడు ఏడాది పొడవునా కుర్చీలో గూర్చున్న గృహస్థుడు ఒక్క శనివారమున గాలిగోపురమువైపు పరుగిడుచున్నాడు. అది హృదయమునకు పరీక్షయే గాని పోషణము గాదు.

నిత్యపు నడక గుండెను కాపాడుననుట నిశ్చయము. 1953లో మోరిస్ అను ఆంగ్ల వైద్యుడును ఆయన సహచరులును లండన్ నగరపు రెండంతస్తుల బస్సుల ఉద్యోగులను పరిశీలించి, కూర్చుండి నడుపు డ్రైవర్లకంటె దినమంతయు మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని ప్రకటించిరి. నడచునపుడు కండరములు రక్తములోని చక్కెరను గ్రహించును, రక్తనాళములు సడలును, క్రమముగా రక్తపోటు తగ్గును. వారమునకు కనీసము 150 నిమిషములు, అనగా అయిదు దినములు అరగంట చొప్పున, చురుకుగా నడువవలెనని నేటి వైద్యుల మాట.

ఎంత చురుకుగా? సుశ్రుతుడు వ్యాయామమును బలములో సగమువరకే చేయుమనెను. హృదయస్థానమందలి వాయువు నోటికి వచ్చుటయే దానికి గురుతట. కొండదారిలో దీనిని తెలిసికొనుట సులభము. గోవిందనామము తెంపులేక పలుకగలిగినంతవరకు నడువవచ్చును. నామము నడుమ ఊపిరి తెగినచో కూర్చుండవలెను.

కొందరు ఆలయ ప్రదక్షిణమునే వ్యాయామముగా భావించి వడివడిగా తిరుగుచున్నారు. ఇది తగదు. నిండు నూనెకుండ మోయువారివలె మెల్లగా అడుగిడుట ప్రదక్షిణ విధి. చురుకుదనమును ఇంటినుండి గుడివరకు చూపవచ్చును.

ఇక మ్రొక్కు మాట. మ్రొక్కు చెడునను భయముతో రొమ్ములోని బిగువును బిడ్డలకు చెప్పక మెట్లెక్కు పెద్దలు గలరు. రొమ్మున బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చల్లని చెమట – వీనిలో ఏది తోచినను అచ్చటనే ఆగి, దేవస్థానము సిబ్బందికి తెలిపి వైద్యసహాయము పొందవలెను. 60 ఏండ్లు దాటినవారికిని, రక్తపోటు, మధుమేహము గలవారికిని కాలినడక మంచిది కాదని 2024లో దేవస్థానము వారే సూచించిరి. తండ్రి బస్సులో రాగా కుమారుడు నడచినచో లోపమేమి? శ్రీవైష్ణవ సిద్ధాంతమున శరణాగతికి అధికారము దేహబలము కాదు, ఆకించన్యము. నావలన కాదను వానికే అది చెప్పబడినది.

తాళ్లపాక అన్నమయ్య బాల్యమున ఆకలితో, అలసటతో మోకాళ్ల పర్వతమున సొమ్మసిల్లెనని ఆయన మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్రము చెప్పుచున్నది. అలమేలుమంగమ్మ వచ్చి, ఆ బాలునికి మొదట ప్రసాదము తినిపించెను. మిగిలిన మెట్ల ప్రసక్తి ఆ తరువాతనే.